బంతిలో గాలికి ఉన్న విలువ ఆడదాని చెంపకు లేదా?

ఆటలు మగవాళ్ళవి, ఆ తగాదాలూ మగవాళ్ళవే అనుకుని పేపర్లో ఆ పేజీని మడిచి పక్కన పెట్టేయడం మనలో చాలామందికి అలవాటు. అందులోనూ అమెరికన్ ఫుట్‌బాల్ అంటే మరీను! నెత్తిన హెల్మెట్లు, భుజాలకు దిండ్లు కట్టినట్టుండే కవచాలు తగిలించుకుని, ఒకరి మీద ఒకరు గుట్టగా పడే ఆ ఆటతో మనకేం పని అనిపించడం సహజమే. కానీ కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్ళకు ఈ ఆట పేరు కొత్త కాదు. సెప్టెంబరు మొదలు ఫిబ్రవరి దాకా అక్కడ ఆదివారమంటే ఫుట్‌బాలే. చివరి పోటీ అయిన సూపర్‌బౌల్ నాడు నాలుగు తెలుగు కుటుంబాలు ఒకచోట చేరి, మిరపకాయ బజ్జీలు తింటూ టీవీ ముందు కేకలు వేయడం ఇప్పుడు మామూలైపోయింది.

నేను ఉండేది విస్కాన్సిన్ రాష్ట్రంలో. గ్రీన్ బే ప్యాకర్స్ జట్టు అభిమానిని. వంటింటి పని ముగించి మావారి పక్కన కాలక్షేపానికి కూర్చునే అభిమానిని కాదు సుమా! రిఫరీ పసుపు గుడ్డ విసిరేలోపే తప్పు ఎవరిదో అరిచి చెప్పే రకం. ఆట మీద ఆ మాత్రం ప్రేమ ఉంది కాబట్టే, ఆ ఆటను నడిపే పెద్దమనుషుల మీద నాలుగు మాటలు అనే హక్కూ ఉందనుకుంటున్నాను.

అంగుళం కూడా వదలరు

ఈ ఆట పద్ధతి స్థూలంగా చెబుతాను. జట్టుకు 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి. వెళితే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, వెళ్ళకపోతే బంతి అవతలివాళ్ళకు పోతుంది. ఆ పది గజాలకు అంగుళం తక్కువైనా ఒప్పుకోరు. సందేహం వస్తే ఆట ఆపి, గొలుసు తెచ్చి, లక్షలమంది చూస్తుండగా కొలిచేవారు. 2025 నుంచి ఆ కొలత కెమెరాలే తీస్తున్నాయి. గొలుసు తోడుగా ఉంటుందంతే. 32 జట్ల ఈ నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో కొలతకున్నంత మర్యాద ఇంక దేనికీ లేదు.

నా గొడవంతా ఆ కొలత గురించే. మైదానంలో అంగుళాన్ని వదలని ఈ లీగ్, మైదానం బయట ఒక ఆడదానికి జరిగిన అన్యాయాన్ని కొలవాల్సి వచ్చేసరికి గొలుసు ఎక్కడ పెట్టిందో మర్చిపోతుంది!

రెండు మ్యాచ్‌లు, నాలుగు మ్యాచ్‌లు

2014 ఫిబ్రవరిలో బాల్టిమోర్ రేవెన్స్ జట్టు ఆటగాడు రే రైస్ అట్లాంటిక్ సిటీలోని ఒక కాసినో లిఫ్టులో తనకు కాబోయే భార్యను కొట్టాడు. స్పృహ తప్పిన ఆమెను లిఫ్టులోంచి బయటికి ఈడుస్తున్న వీడియో నాలుగు రోజులు తిరక్కుండానే బయటికొచ్చింది. ఆమె తనంతట తాను పడిపోయిందని ఎవరూ అనుకునే వీల్లేదు. అయినా జూలైలో లీగ్ కమిషనర్ రోజర్ గూడెల్ వేసిన శిక్ష రెండే రెండు మ్యాచ్‌లు!

అంతకన్నా నన్ను ఎక్కువ బాధించింది మే నెలలో జరిగిన విలేఖరుల సమావేశం. అప్పటికి వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. జట్టు వాళ్ళు భార్యాభర్తల్ని పక్కపక్కన కూర్చోబెట్టారు. ఆ రాత్రి జరిగినదాంట్లో తన పాత్రకు చింతిస్తున్నానని దెబ్బలు తిన్న మనిషి చేతనే చెప్పించారు. ఆ మాటను జట్టే లోకానికి చాటింది కూడా. "నువ్వూ కాస్త నోరు అదుపులో పెట్టుకోవాల్సిందమ్మా" అనే ఇరుగుపొరుగు పంచాయితీ మనకు తెలియనిదా? అక్కడ మైకులు, కెమెరాలు ఉన్నాయి. తేడా అంతే.

సెప్టెంబరు 8న లిఫ్టు లోపలి వీడియో బయటపడింది. ఆ పిడికిలి దెబ్బ దేశమంతా చూసింది. అదే రోజు జట్టు అతన్ని తీసేసింది, లీగ్ నిరవధికంగా సస్పెండ్ చేసింది. నేరం పాతదే, మనుషులూ పాతవాళ్ళే. కొత్తగా వచ్చింది జనం చూశారన్న భయం ఒక్కటే. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష వేయడం కుదరదని ఆ నవంబరులో మధ్యవర్తిగా ఉన్న మాజీ న్యాయమూర్తి బార్బరా జోన్స్ ఆ సస్పెన్షన్ కొట్టేసింది. ఆమె తీర్పును నేను తప్పుపట్టను. మొదటిసారే సరిగ్గా కొలిచి ఉంటే రెండోసారి కొలవాల్సిన అవసరమే వచ్చేది కాదు కదా!

ఇక 2015 సంగతి చూడండి. జనవరిలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు ఒక ముఖ్యమైన మ్యాచ్‌లో వాడిన బంతుల్లో గాలి తక్కువగా ఉందని తేలింది. గాలి తగ్గితే బంతి చేతికి బాగా పట్టు దొరుకుతుందట. ఆ మ్యాచ్‌ను వాళ్ళు 45-7తో గెలిచారు. బంతిలో గాలి ఉన్నా లేకున్నా గెలిచేవారే! అయినా లీగ్ పేరున్న లాయర్లతో విచారణ చేయించింది. 243 పేజీల నివేదిక వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి నాలుగు మ్యాచ్‌ల నిషేధం, జట్టుకు 10 లక్షల డాలర్ల జరిమానా. ఆ పైన కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే హక్కుల్లో రెండు కోత పెట్టారు. కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి చివరికి 2016లో బ్రేడీ ఆ నాలుగు మ్యాచ్‌లూ కూర్చున్నాడు.

ఆడదాన్ని స్పృహ తప్పేలా కొడితే రెండు, బంతిలో గాలి తగ్గిస్తే నాలుగు! ఈ లెక్క వేసినవాళ్ళకు అమ్మలూ అక్కచెల్లెళ్ళూ లేరా అని అడగబుద్ధి కాదూ?

"కోర్టు తేల్చలేదు కదా!"

ఈ మాట ఎత్తితే చాలు, నాతో ఆట చూసే మగవాళ్ళు ఒక వాదన తెస్తారు. "నేరం కోర్టులో రుజువు కాలేదు కదా, జట్టు ఎలా శిక్షిస్తుంది?" అని. న్యాయంగా కనిపించే మాటే. కానీ బ్రేడీ విషయంలో ఏ కోర్టు ఏం రుజువు చేసిందని? అతనికి ఆ సంగతి తెలిసి ఉండే అవకాశమే ఎక్కువ అని మాత్రమే ఆ 243 పేజీల నివేదిక తేల్చింది. ఆ 'అవకాశం' నాలుగు మ్యాచ్‌లకు సరిపోయింది. గాలి విషయంలో చాలిన సాక్ష్యం ఆడవాళ్ళ విషయంలో చాలదా?

2022 మార్చిలో జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడండి. అట్లాంటా ఫాల్కన్స్ ఆటగాడు కాల్విన్ రిడ్లీ మ్యాచ్‌ల మీద పందెం కాశాడని కనీసం ఒక సీజను మొత్తం ఆడకూడదన్నారు. తాను కాసింది మొత్తం 1500 డాలర్లని అతనే చెప్పాడు. ఆటగాడు పందెం కాయడం తప్పే, శిక్ష పడాల్సిందే. అదే నెలలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు డెషాన్ వాట్సన్‌ను తెచ్చుకుంది. మర్దన చేయించుకోవడానికి పిలిచి అసభ్యంగా ప్రవర్తించాడని అప్పటికే ఇరవై మందికి పైగా మహిళలు అతని మీద సివిల్ దావాలు వేసి ఉన్నారు. అతను కాదన్నాడు. గ్రాండ్ జ్యూరీలు నేరారోపణకు ఒప్పుకోలేదు. దావాల్లో ఎక్కువ భాగం తర్వాత రాజీ అయ్యాయి. ఇవన్నీ నిజాలే, దాచనక్కర్లేదు.

కానీ బ్రౌన్స్ ఏం చేసిందో చూడండి. అయిదేళ్ళకు 23 కోట్ల డాలర్లు, అదీ ప్రతి డాలరూ గ్యారంటీగా ఇస్తామని రాసిచ్చింది. అంత మొత్తం అలా గ్యారంటీ ఇవ్వడం ఆ లీగ్‌లో అంతకుముందు ఎన్నడూ లేదు. అంతటితో ఆగలేదు. మొదటి ఏడాది మూల వేతనం 10 లక్షల 35 వేల డాలర్లు మాత్రమే ఉండేలా ఒప్పందం రాసుకున్నారు. సస్పెన్షన్ పడితే కోత పడేది ఆ జీతంలోంచే కదా! వానొస్తుందని తెలిసి ముందే గొడుగు పట్టారన్నమాట. విచారణ చూసిన మాజీ న్యాయమూర్తి స్యూ రాబిన్సన్ ఆరు మ్యాచ్‌లు అంటే లీగ్ అప్పీలుకు వెళ్ళింది. చివరికి 11 మ్యాచ్‌లు, 50 లక్షల డాలర్ల జరిమానా దగ్గర ఒప్పందమైంది. అంతమంది ఫిర్యాదుకు 11 మ్యాచ్‌లు, 1500 డాలర్ల పందానికి ఏడాది!

ఇంకో పేరు కూడా చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కో క్వార్టర్‌బ్యాక్ కాలిన్ కేపర్నిక్. నల్లవాళ్ళ మీద పోలీసుల దౌర్జన్యానికి నిరసనగా 2016లో జాతీయగీతం వేళ మోకాలి మీద కూర్చున్నాడు. ఎవరినీ కొట్టలేదు, ఏ నిబంధననూ మీరలేదు. ఆ సీజను తర్వాత 32 జట్లలో ఒక్కటీ అతన్ని తీసుకోలేదు. ఎవరికి తలుపు తీస్తారో, ఎవరికి మూస్తారో దీన్నిబట్టే తెలుస్తోంది.

రాసుకున్న శిక్ష ఏమైంది?

రైస్ గొడవ తర్వాత లీగ్ బుద్ధి తెచ్చుకున్నట్టే కనిపించింది. 2014 ఆగస్టులో గూడెల్ తన నిర్ణయం సరిగా లేదని ఒప్పుకుని, ఇంట్లోవాళ్ళ మీద చేయి చేసుకుంటే మొదటిసారికి ఆరు మ్యాచ్‌లు అని నియమం పెట్టాడు. మంచిదే అనుకున్నాం. రెండేళ్ళకే, 2016లో, న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు జాష్ బ్రౌన్‌కు పడిన శిక్ష ఎంతో తెలుసా? ఒక్క మ్యాచ్! భార్యను హింసించానని అతను తన చేత్తో రాసుకున్న కాగితాలు అక్టోబరులో పోలీసు దస్త్రాల్లోంచి బయటపడ్డాక గానీ జట్టు అతన్ని వదులుకోలేదు. మళ్ళీ అదే కథ. కాగితమో వీడియోనో బజారున పడేదాకా దెబ్బ దెబ్బే కాదు!

ఇక్కడ ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. రైస్ ఉద్యోగం పోయినప్పుడు, తన భర్త కష్టపడి సంపాదించుకున్నది లాగేసుకున్నారని అతని భార్యే బహిరంగంగా బాధపడింది. ఆమెను తప్పుపట్టేవాళ్ళు ఇంటి ఖర్చు ఎరగనివాళ్ళు. ఫిర్యాదు చేస్తే భర్త జీతం మొత్తం పోతుందంటే ఏ ఇల్లాలైనా దెబ్బల్ని దాచుకుంటుంది. అందుకే నేను అడిగేది పెద్ద శిక్ష కాదు, ఖాయమైన శిక్ష. వీడియో ఉన్నా లేకున్నా, ఆటగాడు గొప్పవాడైనా మామూలువాడైనా అదే శిక్ష. ఆ రోజుల్లో కోసిన జీతం భార్యాబిడ్డల పేరున జమ కావాలి. అప్పుడు నోరు విప్పిన ఆడదానికి పస్తు భయం ఉండదు.

యజమానికో న్యాయం

ఆటగాళ్ళనే అంటే ఎలా? వాషింగ్టన్ జట్టులో తాము పడిన లైంగిక వేధింపుల గురించి 15 మంది మాజీ మహిళా ఉద్యోగులు 2020లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికకు చెప్పారు. లీగ్ విచారణ జరిపించింది. 2021లో జట్టుకు కోటి డాలర్ల జరిమానా వేసింది. ఆ విచారణ నివేదికను మాత్రం జనం ముందు పెట్టలేదు. బంతిలో గాలి గురించి 243 పేజీలు అచ్చువేసినవాళ్ళే ఇక్కడ నోరు మూసుకున్నారు. యజమాని డేనియల్ స్నైడర్ రోజువారీ పనులు భార్య చేతిలో పెట్టాడు. సర్పంచి కుర్చీలో భార్య పేరు, పెత్తనం మాత్రం భర్తది అన్న ముచ్చట మన ఊళ్ళలో చూసినవాళ్ళకు అలాంటి ఏర్పాట్ల మీద నమ్మకం ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. 2023లో మరో విచారణ ముగిసి అతనికి 6 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అదే రోజు జట్టు అమ్మకానికి ఆమోదం దొరికింది. అమ్మిన ధర 605 కోట్ల డాలర్లు! ఆ జరిమానా అందులో నూటికి ఒక వంతు కూడా కాదు.

గీత అంచున నిలబడ్డవాళ్ళు

టీవీలో తళుకుబెళుకుల దుస్తుల్లో చిందులేస్తూ కనిపించే చీర్‌లీడర్లను చూసి మనం ముఖం చిట్లిస్తాం. వాళ్ళ జీతం చిట్టా చూస్తే ముఖం చిట్లించాల్సింది ఎవర్ని చూసో తెలుస్తుంది. అప్పట్లో ఓక్లాండ్‌లో ఉన్న రైడర్స్ జట్టు చీర్‌లీడర్ ఒకామె 2014 జనవరిలో కోర్టుకెక్కింది. మ్యాచ్‌కి 125 డాలర్లు, అదీ సీజను చివర్లో ఇచ్చేవారు. గంటల తరబడి చేసే ప్రాక్టీసుకు పైసా లేదు. లెక్క తీస్తే గంటకు అయిదు డాలర్లు కూడా రాదు. అదే ఏడాది లీగ్‌లో అతి తక్కువ జీతగాడైన కొత్త ఆటగాడికి ఏడాదికి 4 లక్షల 20 వేల డాలర్లు! చివరికి జట్టు 12 లక్షల 50 వేల డాలర్లతో రాజీకొచ్చింది. కాలిఫోర్నియా రాష్ట్రం చీర్‌లీడర్లు కూడా ఉద్యోగులేనని 2015లో చట్టమే చేసింది. ఒక్క అమ్మాయి నోరు విప్పితే ఒక చట్టం వచ్చింది చూడండి!

ఇంకో ఇల్లాలి కథ వినండి. 1960ల్లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టులో జాన్ మాకీ మహా ఆటగాడు. అతని జెర్సీ నంబరు 88. పెద్దవయసులో మతిమరుపు జబ్బు ముదిరి మనిషి మనిషిలా లేకుండా పోయాడు. అతని భార్య సిల్వియా యాభై దాటిన వయసులో విమానంలో ఎయిర్‌హోస్టెస్‌గా పనికి వెళ్ళి ఇల్లు నడిపింది. 2006లో లీగ్ కమిషనర్‌కు తన బాధంతా ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం ఫలితంగా 2007లో '88 ప్లాన్' వచ్చింది. అలాంటి జబ్బు పడ్డ మాజీ ఆటగాళ్ళ సంరక్షణకు మొదట్లో ఏడాదికి 88 వేల డాలర్ల దాకా ఇచ్చిన పథకం. ఎంతమంది ఇల్లాళ్ళు ఆమె పేరు తలచుకుని ఉంటారో!

తర్వాత మెదడు దెబ్బల మీద వేలమంది మాజీ ఆటగాళ్ళు వేసిన దావాలో లీగ్ పరిహారానికి ఒప్పుకుంది. ఆ మొత్తం 100 కోట్ల డాలర్లు దాటింది. కానీ అక్కడా కొలతలో మోసమే. నల్లజాతి ఆటగాళ్ళకు ఆలోచనాశక్తి మొదట్నుంచీ తక్కువేనన్న లెక్కతో పరీక్షలు చేశారు. దాంతో వాళ్ళకు జబ్బుందని రుజువు కావడమే కష్టమైంది. దీని మీద సంతకాలు సేకరించి 2021లో కోర్టు దాకా వెళ్ళినవాళ్ళలో మాజీ ఆటగాళ్ళ భార్యలున్నారు. ఆ ఏడాదే లీగ్ ఆ పద్ధతి వదిలేస్తామని చెప్పాల్సి వచ్చింది.

మా జట్టైనా సరే

"మీ ప్యాకర్స్ మాత్రం గంగిగోవులా?" అని మీరు అడగవచ్చు. మా జట్టుకు కోటీశ్వరుడైన యజమాని లేడు. లక్ష జనాభా దాటిన చిన్న ఊరి జట్టు. అయిదు లక్షలకు పైగా మామూలు జనం దానికి వాటాదారులు. వాటా కొన్నందుకు లాభం పంచరు, గోడకు తగిలించుకోవడానికి కాగితం ఒకటి ఇస్తారు. ఇది నాకు గర్వమే. కానీ మా దేవుడనుకున్న బ్రెట్ ఫావ్ర్ సంగతీ చెప్పాల్సిందే. 2008లో మరో జట్టులో ఆడుతున్నప్పుడు, అక్కడ పనిచేసే ఒక యువతికి అసభ్యమైన ఫోటోలు పంపాడన్న ఆరోపణ వచ్చింది. విచారణకు సహకరించలేదని 2010లో లీగ్ 50 వేల డాలర్ల జరిమానా వేసి ఊరుకుంది. అతని సంపాదనకు అదొక లెక్కా! 2015లో అతని జెర్సీ నంబరును గౌరవంగా పక్కన పెట్టిన రోజున మా స్టేడియం కిటకిటలాడింది. ఆ రోజు ఆ అమ్మాయి గురించి ఒక్కమాట వినిపించలేదు. అతను విసిరిన బంతులకు నేనూ చప్పట్లు కొడతాను. ఈ విషయంలో మాత్రం కొట్టను. మనవాడని గొలుసు పొడుగు పెంచుతామా?

వెళ్ళిపోవడం ఎందుకు?

"ఇంత కోపముంటే ఆట చూడడం మానెయ్యరాదూ?" అని కొందరి సలహా. ఎందుకు మానాలి? ఆ ఆటను అభిమానించేవాళ్ళలో దాదాపు సగం మంది ఆడవాళ్ళేనని లీగే చెప్పుకుంటోంది. 2015లో శారా థామస్ ఆ లీగ్‌లో మొదటి శాశ్వత మహిళా అంపైరింగ్ అధికారి అయింది. 2021 ఫిబ్రవరిలో సూపర్‌బౌల్‌లోనే విధులు నిర్వహించింది. ఆటలో తప్పుకు గుడ్డ విసిరే చేయి ఆడదానిదైనా ఎవరూ కాదనలేకపోయారు. అలాంటప్పుడు ఆట బయట తప్పుకు మనమెందుకు గుడ్డ విసరకూడదు?

మనం చేయగలిగింది చిన్నదేం కాదు. ఆ జెర్సీలు, టోపీలు, పిల్లల బొమ్మలు కొనేది ఎక్కువగా తల్లులే. పిల్లాడు ఫలానా ఆటగాడి పేరున్న చొక్కా కావాలంటే, ఆ ఆటగాడు ఎలాంటివాడో ఒకసారి కనుక్కుని కొనండి. ఎందుకు కొననన్నారో వాడికి అర్థమయ్యేలా చెప్పండి. బాగా ఆడటం వేరు, బాగా బతకడం వేరు అని మగపిల్లలకు చెప్పాల్సింది ముందు ఇంట్లోనే.

లీగ్ పెద్దల్ని మాత్రం అడిగేది ఒక్కటే. బంతి ఎంత దూరం పోయిందో చూడటానికి కెమెరాలు పెట్టారు, బంతిలో గాలి చూడటానికి మీటరు పెట్టారు. మీ మనుషుల చేతిలో నలిగిన ఆడవాళ్ళు ఫిర్యాదు చేసినప్పుడు కూడా అంతే శ్రద్ధగా విచారించండి. నివేదిక జనం ముందు పెట్టండి. రాసుకున్న శిక్షను రాసుకున్నట్టు అమలు చేయండి. ఇదేమైనా గొంతెమ్మ కోరికా? మీరేమంటారు?